బరువు పక్కన వారాలూ రాయండి

సంపాదకుడికి,

అయ్యా,

బిడ్డ పుట్టిందనగానే చుట్టాలంతా అడిగేది 'ఎన్ని కిలోలు?' అనే. రెండున్నర దాటితే అందరికీ ధైర్యం. నెల కిందట మా మనవరాలు 2.6 కిలోలతో పుడితే మేమూ అలాగే సంతోషించాం. ఆ రాత్రే పాప రొమ్ము పట్టడం మానేసింది. ఏడుపు లేదు, అరికాళ్లు చల్లబడ్డాయి. కాన్పుల వార్డులో ముప్పై ఏళ్లు పనిచేసిన నర్సుని కాబట్టి అనుమానం వచ్చి పట్టుబట్టాను. మడమ దగ్గర సూదితో పొడిచి చూస్తే షుగర్ బాగా పడిపోయి ఉంది. వెంటనే వైద్యం అందడంతో తేరుకుంది. కార్డు తిరగేస్తే బరువు రాశారు గానీ, ఎన్ని వారాల గర్భానికి పుట్టిందో రాసే గడి ఖాళీ!

మా అమ్మాయికి 40 వారాలు నిండాయి. అన్ని వారాల బిడ్డకు 2.6 తక్కువే. అన్నే వారాలకు పుట్టిన వందమంది ఆడపిల్లలను బరువు ప్రకారం వరసపెడితే అడుగు పదిమందిలో ఉండే పాప వారాలకు తగ్గ బరువు లేనట్టు లెక్క. మగపిల్లలకు వేరే పట్టిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 2,500 గ్రాముల గీత ఒక్కటే చూస్తే ఇలాంటి పిల్లలు లెక్కలోకే రారు. 34 వారాలకే పుట్టిన బిడ్డ 2.1 కిలోలుంటే వారాలకు తగ్గ బరువే. నెలలు నిండాక అదే 2.1 ఉంటే మాత్రం తల్లికి బీపీ ఉందా, రక్తం తక్కువా, మాయ నుంచి పోషణ సరిగా అందలేదా అని చూడాలి. అమ్మానాన్నల్లాగే సన్నగా, ఆరోగ్యంగా పుట్టే పిల్లలూ ఉంటారు. అది తేలాలన్నా ముందు వారాలు తెలియాలి.

వారాలకు తగ్గ బరువు లేని పిల్లలకు మొదటి రోజుల్లో షుగర్ పడిపోవడం, ఒళ్లు చల్లబడటం, ఇన్‌ఫెక్షన్ల భయం ఎక్కువ. కొందరు ఎత్తు ఎదగరు. పెద్దయ్యాక బీపీ, షుగర్, గుండె జబ్బుల ముప్పూ మిగతావారికన్నా ఎక్కువే.

బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని ఏడో నెల నుంచి తిండి తగ్గించే అత్తలు, అమ్మలు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

మూడో నెలలోపే స్కాన్ తీసి వారాలు ఖాయం చేయాలి. ఆరో నెల దాటాక బిడ్డ సరిగా ఎదుగుతోందో లేదో తెలిసేలా ప్రతి చెకప్‌లోనూ తల్లి పొట్టను టేపుతో కొలవాలి. వారాల గడి నింపకుండా ఏ బిడ్డనూ డిశ్చార్జి చేయొద్దని వైద్యారోగ్య శాఖ అన్ని కాన్పుల ఆసుపత్రులకూ ఆదేశాలివ్వాలి.

– ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, ఖమ్మం