తునికికి చేవ పట్టనివ్వండి

గౌరవనీయులైన తెలంగాణ అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఎండాకాలం వస్తే మా ఏజెన్సీ ఊళ్లలో బీడీలు చుట్టే తునికాకు తప్ప వేరే ముచ్చట ఉండదు. చీకటితో అడవికి పోవడం, తెచ్చిన ఆకును 50 చొప్పున కట్టలు కట్టడం, ఆకు కొనే కల్లంలో లెక్క అప్పజెప్పడం. కట్ట రేటు మీద మీకు ఇప్పటికే బోలెడు అర్జీలు అంది ఉంటాయి. నాది ఆకు సంగతి కాదు, కర్ర సంగతి.

మా తాత చేతికర్ర ఇంకా ఇంట్లో ఉంది. చూసినవాళ్లు నల్లరంగు వేయించారా అని అడుగుతారు. రంగు కాదు, తునికి చేవ, అంటే మాను నడుమ ముదిరిన కర్ర. ఈ చెట్టుకు డయోస్పైరోస్ మెలనోగ్జైలాన్ అని పేరు పెట్టిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మన సామర్లకోటలో పనిచేసినవాడే. మెలనోగ్జైలాన్ అంటే గ్రీకులో నల్లకర్ర.

మాను కోస్తే బయటంతా లేత గులాబీ రంగు. ఆ భాగం ఎక్కువ కాలం నిలవదు. నడుమ చేవ మాత్రం బొగ్గు నలుపు, అక్కడక్కడ గోధుమ చారలు. బరువు, గట్టిదనం ఎంతంటే ఉలి మొండికేస్తుంది. తొందరపడి ఎండబెడితే పగుళ్లు. ఓపిగ్గా సానపడితే మాత్రం ఆ నునుపు చూసి తీరాలి. చేతికర్రలకు, నగిషీ పెట్టెలకు, పొదుగుడు పనికి దీనికి మించింది లేదు.

చిక్కేమిటంటే చేవ ముదురు చెట్టులోనే పడుతుంది, అదీ కొంచెమే. మనం లేత ఆకు కోసం ఏటేటా కొమ్మ కొట్టిస్తాం. కొందరు నిప్పు కూడా పెడతారు. వేరు నుంచి పిలకలు వేస్తుంది కాబట్టి తునికి చావదు, కానీ పొదగానే ఉండిపోతుంది. మాను లేకపోతే పండ్లూ లేవు. ఆ పండ్ల కోసం మా పిల్లలతో పాటు ఎలుగుబంట్లు కూడా ఎదురుచూస్తాయి.

కొమ్మకొట్టుడు ఆపమనను. ఆ కూలీతోనే నేను చదువుకున్నాను. ఒక్కో కల్లం పరిధిలో కొన్ని పెద్ద చెట్లకు గుర్తు పెట్టి, వాటి జోలికి పోవద్దని కాంట్రాక్టు కాగితంలోనే రాయించండి. ఏ చెట్లో ఆకు కోసే ఆడవాళ్లను అడగండి, వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇంకోటి, 2006 అటవీ హక్కుల చట్టం ఆకు మీద మాకు హక్కు ఇచ్చింది, కలప మీద ఇవ్వలేదు. కనీసం గాలికి పడిపోయిన ముసలి మాను వంటచెరకు కింద పోకుండా, చెక్కపని నేర్చుకునే మా కుర్రాళ్లకు దక్కేలా చూడండి.

మా వాగు దాటాక గుర్తు పెట్టదగ్గ పెద్ద చెట్లు మూడు ఉన్నాయి. మీ సిబ్బందిని పంపితే దగ్గరుండి చూపిస్తాను. ఫిబ్రవరిలో కొమ్మకొట్టుడు మొదలవకముందే పంపండి.

ఇట్లు,
ములుగు జిల్లా నుంచి ఒక తునికాకు కూలీ కొడుకు