కోత గురించి ఒక్క వాక్యం చాలదు

సంపాదకులకు నమస్కారం.

వాలు కప్పుకు షింగిల్స్ (వరుసలుగా పరిచే తారు పలకలు) వేయించుకోవడంపై మీ ఇంటి పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. రంగులు, రకాలు, మేకులు అన్నీ వివరంగా రాశారు. కోత దగ్గరికి వచ్చేసరికి 'చివర్లు సమంగా కత్తిరించాలి' అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మా ఇంటికి నష్టం జరిగింది సరిగ్గా అక్కడే.

నేను ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. పై గుడ్డ కత్తిరిస్తుంటే ఎడమ చెయ్యి కింది గుడ్డను కనిపెట్టుకునే ఉంటుంది. మా కప్పు మీద ఆ జాగ్రత్త జరగలేదు. రెండు వాలులు కలిసే పల్లం ఉంటుంది కదా, పనివాళ్లు దాన్ని వ్యాలీ అంటారు. అక్కడ ఒక వాలు షింగిల్స్ పల్లం నడిమధ్యను దాటి అవతలికి పోతాయి. రెండో వాలువి వాటి మీద పరిచి, గీత వెంబడి కోయాలి. ఆ కుర్రాడు కత్తిని గట్టిగా నొక్కేసరికి కింది షింగిల్‌తో పాటు దాని అడుగున నీళ్లాపే షీటూ తెగింది. పైకి మాత్రం గీత చక్కగా కనిపించింది. మొదటి పెద్ద వానకు పడకగది సీలింగుకు మరక, మూడో వానకు చుక్కలు. వాన మబ్బు పడితే చాలు, ఇంట్లో అందరికీ టెన్షన్. అతని మీద నాకు కోపం లేదు, ఎవరూ నేర్పి ఉండరు.

తర్వాత సరిచేయడానికి వచ్చిన పెద్దాయన పని దగ్గరుండి చూశాను. పల్లం నడిమధ్య నుంచి 2 అంగుళాలు ఇవతలికి, అంటే పైన పరిచిన రెండో వాలు వైపుకు, చాక్ లైన్ (సుద్ద దారంతో గీత) కొట్టారు. కోసే షింగిల్ కింద రేకు ముక్క దూర్చి, కొక్కెం బ్లేడుతో కోశారు. ఒక్కో షింగిల్ పై మూలను ఏటవాలుగా తీసేశారు. ఆ మొన అలాగే ఉంటే పారే నీరు దానికి తగిలి, షింగిల్ కిందికి పక్కగా పాకుతుందట. ఆ ముక్క బొటనవేలంత కూడా ఉండదు, దానికోసం ఆయన ప్రతి వరుసలోనూ ఆగారు! కోసిన అంచు కింద రూఫింగ్ సిమెంటు (షింగిల్స్‌ను అతికించే తారు ముద్ద) పూశారు.

విడి ముక్కలైతే తిరగేసి వెనకవైపు నుంచి గీశారు. పైనున్న రాతి రవ్వలకు మామూలు బ్లేడు ఇట్టే మొద్దుబారుతుంది. మొద్దు బ్లేడైతే బలం ఎక్కువ పెడతాం, చెయ్యి జారేది అప్పుడే. నా కత్తెర విషయంలోనూ అంతే. అందుకే ఆయన బ్లేడు మార్చడానికి అసలు వెనకాడలేదు. ఎండ ముదిరితే షింగిల్ మెత్తబడి కాలి కింద రవ్వలు రాలతాయని కోత పని పొద్దున్నే ముగించారు, అదీ నడుముకు తాడు కట్టుకునే.

కప్పు పక్క అంచుల్లో డ్రిప్ ఎడ్జ్ (అంచుకు బిగించే రేకు పట్టీ) దాటి పావు నుంచి ముప్పావు అంగుళం షింగిల్ వదిలారు. ఎక్కువ వదిలితే గాలికి లేస్తుంది, బొత్తిగా వదలకపోతే నీరు చెక్కలోకి తిరుగుతుంది.

దయచేసి కోత మీద విడిగా ఒక వ్యాసం వేయండి. వ్యాలీ దగ్గర ఏ పొర మీద ఏది వస్తుందో, కత్తి ఎక్కడ ఆగాలో బొమ్మ గీసి చూపించండి. కప్పు వేయిస్తున్నవాళ్లు ఆ పేజీ పనివాళ్ల చేతికి ఇవ్వగలిగేలా ఉండాలి.

— ఒక పాఠకురాలు