నా బండి కింద రాత్రంతా పడుకున్న బాబాయ్‌కి

పదకొండు రోజుల తర్వాత నిన్న సాయంత్రం నా లారీ నిండు లోడుతో కొండ ఎక్కింది. గేరు ఒక్కసారి కూడా న్యూట్రల్‌లోకి జారలేదు. పైకెళ్ళాక పక్కన ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను. నిద్ర సరిపోలేదు, చేతులు ఇంకా వణుకుతున్నాయి. అయినా ఇది ఇప్పుడే రాయాలి.

నాది క్లచ్ పెడల్ లేని ఆటోమేటెడ్ గేరుబాక్స్ బండి, 24 వోల్టులది. గేర్లు మార్చేదంతా టీసీయూ, అంటే ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ యూనిట్. బండి వేడెక్కాక గతుకుల్లో గేరు మారబోయే సమయానికి డ్యాష్‌బోర్డు మీద గేరుబాక్స్ లైటు వెలిగి న్యూట్రల్‌లో ఉండిపోయేది. కీ ఆపి కాసేపాగి మళ్ళీ వేస్తే ఏమీ జరగనట్టు నడిచేది. ఖాళీ బండి అయితే తోసుకుపోవచ్చు. లోడుతో దిగుడులో న్యూట్రల్ పడితే ఇంజిన్ పట్టు మొత్తం పోయి బ్రేకులే దిక్కు. నాకు ఒకసారి అదే జరిగింది.

వర్క్‌షాప్‌లో మూడు కోడ్‌లు, అంటే బండి తనలోని తేడాని చెప్పే నంబర్లు, కనిపించాయి. టీసీయూకి వోల్టేజీ తక్కువ అందుతోందని ఒకటి. గేరుబాక్స్ నుంచి బయటికొచ్చే అవుట్‌పుట్ షాఫ్ట్ స్పీడ్ సంకేతం నిలకడగా లేదని రెండోది. క్యాన్ లైన్‌లో, అంటే బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్ల జతలో, సందేశాలు సమయానికి రావడం లేదని మూడోది. వాళ్ళు ముందు స్పీడ్ సెన్సర్ మార్చారు. తగ్గలేదు. తర్వాత టీసీయూనే మార్చి, ప్రోగ్రాం ఎక్కించి, క్లచ్ క్యాలిబ్రేషన్ చేసి పంపారు. 20 కిలోమీటర్లు వెళ్ళానో లేదో అవే మూడు కోడ్‌లు. తిరిగి వెళ్తే, "ప్రెషర్ వాటర్‌తో కడిగించి ఉంటావు, కనెక్టర్లలోకి నీళ్ళు పోయాయి" అన్నారు. నేను కడిగించలేదని ఎంత చెప్పినా వినలేదు. తప్పు నాదేనని రాసిన కాగితం మీద సంతకం చేయించుకున్నాకే బండి వదిలారు.

ఆ రాత్రి పార్కింగ్ యార్డులో ఒక పెద్దాయన పక్క బండికి ఆల్టర్నేటర్ పని ముగించి సామాను సర్దుకుంటున్నారు. నేను ఆయన్ని ఏమీ అడగలేదు. ఆయనే వచ్చారు. కోడ్ ఏమొచ్చిందని కూడా అడగలేదు. నా ముఖం చూసి, "నిద్రపోయి ఎన్ని రోజులైంది అబ్బాయ్?" అన్నారు.

అప్పటిదాకా అందరూ బండి గురించే అడిగారు, లోడు గురించే అడిగారు. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపు ఆగలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేసి, "క్యాబిన్‌లో పడుకో. కీ తిప్పడానికి మనిషి కావలసినప్పుడు లేపుతా" అన్నారు. ముక్కూమొహం తెలియని మనిషికి బండి అప్పగించి నిద్రపోయానంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

లేపినప్పుడు రాత్రి రెండు దాటింది. బాబాయ్ అప్పటికే క్యాన్ లైన్ చూసేశారు. బ్యాటరీ విప్పి, కోడ్‌లు చదివే డయాగ్నస్టిక్ సాకెట్‌లో క్యాన్ లైన్ వచ్చే సీ, డీ పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓంలు వచ్చాయట. లైన్‌కి రెండు చివర్లా 120 ఓంల రెసిస్టర్లు ఉంటాయి, రెండూ కలిసి 60 చూపాలి. 120 వచ్చి ఉంటే ఒక చివర తెగినట్టు. కాబట్టి అక్కడ జబ్బు లేదు. "ఒకేసారి మూడు చోట్ల మూడు జబ్బులు రావు. మూడింటికీ ఉమ్మడిగా ఏముందో అదే వెతకాలి" అన్నారు. ఆ ఉమ్మడిది గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ నెగెటివ్‌కి చేరే దారి.

మళ్ళీ బ్యాటరీ కలిపి, మీటర్‌ని వోల్టుల మీద పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకొకటి టీసీయూ గ్రౌండ్ పిన్ను వెనక నుంచి ఆనించి నన్ను గేర్లు వేయమన్నారు. వైరుకి సూది గుచ్చలేదు. గుచ్చిన చోటల్లా తేమ చేరి రాగి కుళ్ళుతుందట. గేరు వేసిన ప్రతిసారీ మీటర్ 2.7 వోల్టులు చూపింది. అక్కడ పావు వోల్టు కూడా ఉండకూడదు.

తన గ్రౌండ్‌నే టీసీయూ సున్నా అనుకుంటుంది. ఆ సున్నాయే 2.7 పైకి లేస్తే సెన్సర్ చెప్పేది దానికి తప్పుగా కనిపిస్తుంది, క్యాన్ సందేశాలు చెడతాయి, సప్లై తగ్గినట్టు అనిపిస్తుంది. మూడు కోడ్‌లూ అక్కడి నుంచే పుట్టాయి. ప్రోబ్‌ను ఒక్కో మెట్టూ జరుపుతూ వెళ్తే ఆ వోల్టేజీ దాదాపు అంతా చాసిస్ మీద ఉన్న గ్రౌండ్ బోల్టు దగ్గరే పోతోందని తేలింది. పైకి బోల్టు బిగువుగానే ఉంది. విప్పితే కింద పెయింటు, దాని కింద తుప్పు, రింగ్ టెర్మినల్ లోపల రాగి తీగలు పచ్చగా పొడిబారి ఉన్నాయి.

వర్క్‌షాప్ వాళ్ళు ఈ గ్రౌండ్‌ని చూడకపోలేదు. ఓంలలో కొలిచి, 0.3 వస్తే బాగుందని వదిలేశారు. మీటర్ వైర్లకే అంత ఉంటుంది కదా అని. కానీ అదే 0.3 ఓంల మీదుగా 9 ఆంపియర్లు పారితే 2.7 వోల్టులు అక్కడే పోతాయి. పని చేస్తున్నప్పుడు కొలవాల్సిన దాన్ని నిద్రపోతున్నప్పుడు కొలిచారు. కోడ్ ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో చెబుతుంది, ఏ పార్టు పోయిందో చెప్పదు. ఇంత చిన్న విషయానికి రెండు పార్టులు మార్చి, చివరికి నన్నే దోషిని చేశారు. బాబాయ్ లాంటి వాళ్ళు వైరింగ్ డయాగ్రాం అడిగితే బయటివాళ్ళకి ఇవ్వమంటారు. డయాగ్రాం ఉన్నవాళ్ళు దాన్ని తెరిచి చూడరు. ఇది నాకు చాలా కోపంగా ఉంది, దాచుకోను.

తుప్పంతా ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త టెర్మినల్ వేసి, బిగించి, గేరు వేస్తూ మళ్ళీ కొలిస్తే 0.08 వోల్టులు. ఆ అంకె నన్నే చదవమన్నారు బాబాయ్. పాత టెర్మినల్ నా చేతిలో పెట్టి, "నువ్వు కడగలేదురా, ఇది నీ తప్పు కాదు. ఎవరైనా అంటే ఇది చూపించు" అన్నారు. అది ఇప్పుడు కూడా నా చొక్కా జేబులోనే ఉంది. పేరు ఎక్కడా రాయొద్దని మాట తీసుకున్నారు, అందుకే రాయడం లేదు. నిన్న రాత్రి ఆయనే ఫోన్ చేసి, "లోడుతో ఎక్కిందా?" అని అడిగారు. ఎక్కింది బాబాయ్ అన్నాను. ఇంకేం మాట్లాడాలో గొంతు రాలేదు.

ఇంట్లో అమ్మ, నా భార్య, అన్నయ్య ఎప్పటిలాగే అండగా ఉన్నారు. కిస్తీ అన్నయ్య కట్టాడు.

అయ్యో, మరిచిపోయాను. టీసీయూ కనెక్టర్ పిన్నుల బొమ్మ ఫోన్‌లో రహస్యంగా పంపింది ఆ వర్క్‌షాప్‌లోనే పనిచేసే ఒక కుర్రాడు. అది లేకపోతే గ్రౌండ్ పిన్ను ఏదో మాకు తెలిసేది కాదు. తమ్ముడూ, నీ గురించి ఇంతకంటే రాస్తే నీకు ఇబ్బంది, క్షమించు. నీకు నా దండాలు. లోడు ఆలస్యమైనా వేరే బండి పెట్టకుండా ఆగిన సరుకు పార్టీ వాళ్ళకి కూడా. తెల్లవారేదాకా టార్చ్ పట్టుకున్న పక్క బండి క్లీనర్‌కి కూడా.

ఇంకొకరు. మొదటిసారి దిగుడులో న్యూట్రల్ పడినప్పుడు, నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నేను ఆగేదాకా నా వెనకాలే నెమ్మదిగా వచ్చి, వెనక బండ్లని ఆపిన లారీ అన్న. కంగారులో మీ నంబర్ ప్లేటు కూడా చూడలేదు. ఇది మీ కంట పడితే ఒక్క మాట పెట్టండి అన్నా.