ధైర్యం సరే, చాకిరీ మాటేమిటి?

సంపాదకులకు,

అలస్కాలో మంచు మీద కుక్కలు లాగే బండ్ల పందేల విజేత సుసాన్ బుచర్ మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది. అయితే ఆమె ధైర్యానికి ఇచ్చిన చోటు చాకిరీకి దక్కలేదు. ఆంకరేజ్ నుంచి నోమ్ దాకా సుమారు 1,600 కిలోమీటర్లు సాగే పందెమైన ఇడిటరాడ్‌ను ఆమె 1986, 87, 88, 90లలో గెలిచారు. మొదట బరిలో దిగింది మాత్రం 1978లో, అప్పుడు దక్కింది 19వ స్థానం. 1982, 84లలో రెండో స్థానం. 1985లో మూస్ అనే భారీ దుప్పి మీదపడి రెండు కుక్కలను చంపింది, ఇంకొన్నిటిని గాయపరిచింది. ఆమె తప్పుకోక తప్పలేదు. ఆ ఏడాదే లిబ్బీ రిడిల్స్ తొలి మహిళా విజేత అయ్యారు.

మనిషికి ఎంత దమ్మున్నా కుక్క పాదం చెడితే పందెం పోయినట్టే. వేళ్ల సందుల్లో మంచు ఉండకట్టి చర్మం చీరుకుపోతుంది. అందుకే గుడ్డ జోళ్లు తొడుగుతారు. పట్టీ వదులైతే మంచు దూరి ఒరుసుకుంటుంది, బిగిస్తే రక్తం ఆడక కాలు వాస్తుంది. మజిలీ రాగానే విప్పాల్సిందే. బండికి 16 కుక్కలంటే, కాలికొకటి చొప్పున 64 జోళ్లు, అదీ వేళ్లు కొయ్యబారే చలిలో! తర్వాత పడుకోవడానికి గడ్డి పరవాలి, మంచు కరిగించి మాంసం, కొవ్వు వేసి జావ కాయాలి. పరిగెత్తే రోజుల్లో ఒక్కో కుక్కకు దాదాపు 10,000 కేలరీలు కావాలి. వట్టి నీళ్లను చాలావరకు ముట్టవు, మాంసం రసం కలిపితే తాగుతాయి. ఇదంతా అయ్యాకే మనిషి తిండి, నిద్ర. కుంటుతున్న కుక్కను చెక్‌పాయింట్‌లో పశువైద్యులకు అప్పగించాలి, దాని బదులు మరొకదాన్ని కట్టనివ్వరు.

ఇది చదివి ఎవరైనా ఇలాంటి బండ్లు లాగే చలిదేశపు జాతి హస్కీ కుక్కపిల్లను కొని, స్కూటీకి తాడు కట్టి నెక్లెస్ రోడ్డు మీద పరిగెత్తిస్తారేమోనని మా బెంగ. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దిక్కు. మేలో మన ఊరి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అరచేతి వెనక భాగాన్ని తారు మీద ఆరేడు సెకన్లు ఆనించలేకపోతే కుక్కను నడిపించొద్దు. వేడని బొచ్చు గొరిగించొద్దు, లోపలి ఊలు దువ్వి తీస్తే చాలు. తూలుతూ, జిగటగా చొంగ కారుస్తుంటే వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోయాలి, ఫ్యాను పెట్టాలి, ఆపైన ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి బయటికి పోదు. సొమ్మసిల్లిన కుక్క నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఎండలు ముదిరేలోపు ఈ జాగ్రత్తలను సిటీ పేజీలో వేయగలరని మనవి.

— కొందరు హస్కీ పెంపకందారులు,
సైనిక్‌పురి, హైదరాబాద్