రేడియో సంగీత రూపకాలకు వేదిక కావాలి

సంపాదకులకు,

సంగీతంతో నడిచే ఆధునిక నాటకాల్లో ఏవి నిలుస్తాయన్న ప్రశ్న వస్తే మన కోస్తాలో అందరూ ముందు పద్యనాటకం పేరే చెబుతారు. న్యాయమే. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర ఇన్ని దశాబ్దాలుగా ఊరూరా ఆడుతూనే ఉంది. దాని కాటిసీనులోకి వినుకొండ కవి జాషువా గారి శ్మశాన పద్యాలను నటులే తెచ్చుకున్నారు, జనం వన్స్‌మోర్‌లు కొట్టారు. ఎవరికి వారు తమదిగా చేసుకోగలిగారు కాబట్టే ఆ నాటకం బతికిందని నా నమ్మకం.

పాశ్చాత్యుల ఆపెరాలోనూ, అంటే కథంతా పాటగా సాగే వాళ్ల సంగీత నాటకంలోనూ, ఇదే కనిపిస్తుంది. అమెరికా స్వరకర్త జాన్ ఆడమ్స్ ఆపెరా 'నిక్సన్ ఇన్ చైనా' 1987లో హ్యూస్టన్‌లో మొదలై 2011లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ వేదిక ఎక్కింది. దాని కథ, అంటే అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా నేత మావోను కలిసిన వార్త, ఎప్పుడో పాతబడింది. స్వరలిపి ఉంది కాబట్టి కొత్త గాయకులు, కొత్త దర్శకులు దాన్ని మళ్లీ ఎత్తుకుంటున్నారు. అది నిలుస్తుందనే అనుకుంటున్నాను.

నా దిగులంతా మన రేడియో సంగీత రూపకాల గురించే, అంటే రేడియో కోసం మాటా పాటా కలిపి కట్టిన నాటకాల గురించే. విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైంది. ఆ కేంద్రానికి డైరెక్టరుగా పనిచేసిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు తామే రాసి, తామే బాణీ కట్టగల అరుదైన మనిషి. 'చండీదాస్', 'కొండ నుంచి కడలి దాకా' వంటివి మన భాషలో ఆపెరాకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన రచనలని నా అభిప్రాయం. కథ ఎక్కడా తెగకుండా మాట పాటలోకి, పాట మాటలోకి వెళ్లే ఆ వెసులుబాటు హార్మోనియం శ్రుతిలో రాగం తీసే పద్యానికి ఎక్కడిది? అయినా హరిశ్చంద్రకు దక్కిన వేదిక వీటికి దక్కలేదు. పాత రికార్డు విని మెచ్చుకుంటే సరిపోదు, ఈ తరం పాడాలి.

అందుకు ఆకాశవాణి ఈ రూపకాలను స్వరంతో సహా అచ్చు వేయించాలి. నగరంలోని ఘంటసాల ప్రభుత్వ సంగీత కళాశాలలో వాటిని పాఠంగా పెట్టాలి. ఏటా ఒక్కటైనా తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఆడించి, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరానికీ తీసుకెళ్లాలి. పిల్లలు పాత గాయకులను అనుకరించనక్కర్లేదు, తమ గొంతుతో పాడనివ్వండి. ఆ రోజుల్లో ఆకాశవాణి కొలువులోని సంగీతకారులైన నిలయ విద్వాంసులతో కలిసి పనిచేసిన పెద్దలు కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు. స్వరాలు రాయించుకునే పని వారితోనే, ఈ ఏడాదే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– ఒక శ్రోత, సత్యనారాయణపురం, విజయవాడ