లూప్‌లో పెట్టారు సరే, ఎంతసేపో చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం. గూడ్స్ బండిని లూప్‌లో, అంటే వేరే బళ్ళకి దారివ్వడానికి పక్క లైన్లో, ఆపినప్పుడు ఎంతసేపో మాకు చెప్పమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను గూడ్స్ బళ్ళు నడిపే లోకో పైలట్‌ని, విజయవాడలో ఉంటాను. అసిస్టెంట్‌గా చేరి ఇరవై ఏళ్ళు దాటింది, అందులో ఎక్కువ భాగం గూడూరు లైన్లోనే గడిచిపోయింది. ఎక్కడైనా ప్రమాదం జరిగిన మర్నాడు మీ పేపర్లో మా గురించి వార్తలు వస్తాయి, మిగతా రోజుల్లో మేమున్నామనే సంగతి ఎవరికీ గుర్తుండదు. దాని మీద నాకేం కోపం లేదు. కానీ మొన్న బంధువుల పెళ్ళిలో భోజనాల దగ్గర మా బావమరిది ఒక మాటన్నాడు. "మీదేం పని బావా, స్టీరింగ్ కూడా లేదు, పట్టాలే తీసుకెళ్తాయి, ఏసీలో కూర్చుని హారన్ కొట్టడమేగా!" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఏసీ సంగతి వదిలేయండి, నాకు పడే ఇంజన్లన్నిట్లో అది ఉండదు. మిగతా మాటలో మాత్రం సగం నిజం ఉంది, అందుకే ఆ రోజు నుంచి అది నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

అవును, చాలాసేపు మాకు చేతులతో చేసే పనేమీ ఉండదు. చూస్తూ కూర్చోవాలి. చూస్తూ కూర్చోవడమే మా పని అని ఎవరికీ చెప్పలేం, చెబితే ఇంకాస్త నవ్వుతారు.

మా నాన్న బిట్రగుంట స్టీమ్ షెడ్‌లో ఫైర్‌మన్. చేరిన కొత్తలో ఒకసారి నేను "బోర్ కొడుతోంది నాన్నా" అంటే ఆయనకు అర్థం కాలేదు. "బోరా? అదేం రోగంరా?" అన్నాడు. ఆయన డ్యూటీ అంతా పారతో బొగ్గు వేయడం, నీళ్ళు చూసుకోవడం, ప్రెషర్ చూసుకోవడం. ఇంటికొచ్చేసరికి కనుబొమల్లో కూడా మసి ఉండేది, అన్నం తింటూనే నిద్రపోయేవాడు. ఆ బతుకు బాగుందని నేను అనను, ఆయన దగ్గు విన్నవాడెవడూ అనడు. ఒళ్ళు హూనమయ్యే పని పోయి ఇప్పుడు కుర్చీ వచ్చింది, 6,000 హార్స్‌పవర్ ఇంజన్ వచ్చింది, చిన్న హ్యాండిల్ ముందుకు నెడితే దాదాపు అరవై వ్యాగన్లు కదులుతాయి. మంచిదే. కాకపోతే ఒంటికి దొరికిన సుఖానికి బదులు బుర్రకి ఒక కొత్త బాధ పట్టుకుంది.

రాత్రి రెండు, నాలుగు మధ్య ఎలా ఉంటుందో చెప్తాను. మా లైన్ సముద్రం పక్కనే బల్లపరుపుగా పోతుంది, పెద్ద ఘాట్లు లేవు, సొరంగాలు లేవు. హెడ్‌లైట్ వెలుగులో రెండు పట్టాలు, పక్కన కరెంటు స్తంభాలు. తిన్నటి లైన్లో స్తంభానికీ స్తంభానికీ మధ్య 72 మీటర్ల దాకా ఉంటుంది, గంటకు 60 కిలోమీటర్లతో పోతుంటే నాలుగు సెకన్లకు కాస్త పైన ఒక స్తంభం చొప్పున దాటుతూనే ఉంటాయి. ఉయ్యాల ఊపినట్టే ఉంటుంది. దానికి తోడు ఇంజన్ రొద ఒకే శ్రుతిలో. చంటిపిల్లల్ని నిద్రపుచ్చడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఎవరూ చెయ్యలేరు, మమ్మల్ని మాత్రం అందులో కూర్చోబెట్టి మెలకువగా ఉండమంటారు.

నిద్రపోకుండా ఇంజన్లో ఒక పరికరం ఉంది, విజిలెన్స్ అంటాం. ఒక నిమిషం పాటు నాచ్, అంటే ఆ హ్యాండిల్ మెట్టు, మార్చకుండా, బ్రేకు ముట్టకుండా, హారన్ కొట్టకుండా ఉంటే ముందు లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. ఎనిమిది సెకన్లలో పెడల్ తొక్కకపోతే బజర్ మోగుతుంది. ఇంకో ఎనిమిది సెకన్లు చూసి బ్రేకులు అదే వేసేస్తుంది. చాలా మంచి పరికరం, దాన్ని తప్పు పట్టను. కానీ కొన్నేళ్ళు తొక్కాక కాలికి అలవాటైపోతుంది, అడగకుండానే తొక్కుతుంది. రెస్టులో ఇంట్లో పడుకున్నప్పుడు దుప్పటి కింద నా కుడికాలు ఉండుండి అదురుతుందట, మా ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. "ఏమండీ, ఇది ఇంజన్ కాదు, మంచం" అంటుంది. కాలు మెలకువగా ఉందని పరికరం సంతోషిస్తుంది, పైనున్న మనిషి సంగతి దానికి తెలియదు.

బోర్ కొట్టడం వేరు, నిద్ర రావడం వేరు. బయటివాళ్ళు రెండూ ఒకటే అనుకుంటారు. నిద్ర వస్తుంటే తెలుస్తుంది, లేచి నిలబడతాం, మొహం కడుక్కుంటాం. బోరు అలా చెప్పి రాదు. కళ్ళు తెరిచే ఉంటాయి, సిగ్నల్ కనబడుతూనే ఉంటుంది, మనిషి మాత్రం అక్కడ ఉండడు. మూడేళ్ళ కిందట ఒక రాత్రి కృష్ణపట్నం బొగ్గు లోడుతో విజయవాడ వైపు వస్తున్నాను. కావలి దాటినట్టు గుర్తుంది. తర్వాత ఉలవపాడు బోర్డు కనబడింది. మధ్యలో టెట్టు స్టేషన్ ఉండాలి కదా, అది ఎప్పుడు పోయింది? ఒళ్ళు చల్లబడింది. నా అసిస్టెంట్‌ని, బీటెక్ చదివిన కుర్రాడు, మెల్లగా అడిగాను, "తమ్ముడూ, టెట్టులో సిగ్నల్ ఏం ఉంది?" వాడు విచిత్రంగా చూసి "గ్రీన్ సార్, మీరే పిలిచారుగా, చెయ్యి కూడా ఎత్తారు" అన్నాడు. నేనే పిలిచానట, అంటే సిగ్నల్ రంగు పైకి గట్టిగా చెప్పానట. నోరు పిలిచింది, చెయ్యి లేచింది, కాలు పెడల్ తొక్కింది, నాకు మాత్రం ఒక్క ముక్క గుర్తు లేదు. ఆ రాత్రి గ్రీన్ ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ తర్వాత నుంచి నేను కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. మా కుర్రాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. సిగ్నల్ పిలవడం రూలు ఎలాగూ ఉంది, జపాన్‌లోనైతే డ్రైవర్ ఒక్కడే ఉన్నా వేలు పెట్టి చూపించి పైకి చెప్పుకుంటాడు. నేను ఉత్త "గ్రీన్" అనడం మానేసి స్టేషన్ పేరు కూడా కలిపి అంటాను, "సింగరాయకొండ డిస్టెంట్ గ్రీన్" అని. డిస్టెంట్ అంటే స్టేషన్ ఇంకా దూరం ఉండగానే వచ్చే సిగ్నల్. పేరు తలుచుకోవాలంటే బుర్ర ఎక్కడుందో వెతుక్కుని రావాలి, నోరొక్కటే ఆ పని చెయ్యలేదు. ఇంకొకటి, కాషన్, అంటే వేగం తగ్గించమన్న ఆర్డర్, ఉన్న చోట ఎయిర్ బ్రేకు ముట్టుకోకుండా, ముందు నుంచే ఇంజన్ మోటార్లతోనే వేగం తగ్గించుకుంటూ వచ్చి, సరిగ్గా ఆ బోర్డు దగ్గరికి చెప్పిన వేగానికి చేరడం. ఈ త్రీఫేజ్ ఇంజన్లలో అలా తగ్గించినప్పుడు కరెంటు తిరిగి పైతీగలోకి పోతుంది, మీటర్లో యూనిట్లు కనబడతాయి. ట్రిప్పు చివర ఎన్ని యూనిట్లు వెనక్కిచ్చానా అని నాతో నాకే పందెం. దానికి ఎవరూ నాకు వీరతాళ్ళు వెయ్యలేదు, వెయ్యక్కర్లేదు కూడా, అది లేకపోతే పిచ్చెక్కుతుంది.

గంటకోసారి నిలబడి నడుపుతాను. జేబులో వేయించిన వేరుశనక్కాయలు ఉంటాయి, ఒలుచుకునేవే, ఒలిచినవి కావు, ఒలిచినవైతే ఐదు నిమిషాల్లో అయిపోతాయి. నీళ్ళు తాగితే కాస్త చురుగ్గా ఉంటుందని డాక్టర్లు చెప్తారు. నిజమే గానీ, బాత్‌రూమ్ లేని ఇంజన్లో తొమ్మిది గంటలు కూర్చునేవాడు నీళ్ళు తాగాలా వద్దా అని పదిసార్లు ఆలోచిస్తాడు, ఆడపిల్లలు కూడా అసిస్టెంట్లుగా వస్తున్నారు, వాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి.

ఫోన్ గురించి కూడా చెప్పాలి, లేకపోతే దాచాననుకుంటారు. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు పాసింజర్లు గుద్దుకుని 14 మంది పోయారు. మరుసటి మార్చిలో రైల్వే మంత్రి గారు, డ్రైవర్లు క్రికెట్ చూస్తూ పరధ్యానంలో ఉన్నారని అన్నారు. వెనక నుంచి గుద్దిన బండి నడిపిన ఇద్దరూ ఆ ప్రమాదంలోనే పోయారు, వాళ్ళ మాట వినే వీలు మనకి లేదు, అందుకని నేనందులోకి వెళ్ళను. ఆ మాట వచ్చాక మాత్రం డ్యూటీకి బయల్దేరుతుంటే పక్కింటాయన "స్కోరెంతో చెప్పండి సార్" అని జోకు వేస్తాడు. నేను డ్యూటీలోకి సైన్ ఆన్ చెయ్యగానే నా ఫోన్ ఆఫ్ అయ్యి బ్యాగు అడుగుకి వెళ్తుంది. పాటలు లేవు, రేడియో లేదు, ఉండకూడదు కూడా. అది సరైన రూలే.

ఇంతవరకూ చెప్పింది మా బాధ మేం పడేది, దానికి మీరు చెయ్యగలిగింది లేదు. ఇప్పుడు చెప్పేది అడగడం కోసం చెప్తున్నాను.

విజయవాడ నుంచి గూడూరు 293 కిలోమీటర్లు. గంటకు 60 చొప్పున లెక్కేస్తే ఐదు గంటలు. కానీ దేశం మొత్తం మీద గూడ్స్ బళ్ళ సగటు వేగం గంటకు 25 కిలోమీటర్ల చుట్టుపక్కలే తిరుగుతుంది. మిగతా టైమంతా ఏమవుతుందంటే, లూప్ లైన్లో నిలబడి ఉంటాం. అసలు బోరు అక్కడ ఉంది. బండి నడుస్తుంటే స్తంభాలైనా కదులుతాయి. లూప్‌లో ఎర్ర దీపం ఒక్కటే.

కిందటి నెలలో ఖాళీ రేకు, అంటే ఖాళీ వ్యాగన్ల వరస, వేసుకుని గూడూరు వైపు పోతుంటే ఒంగోలు ఇంకా రాకముందే ఒక చిన్న స్టేషన్లో లూప్‌లో పెట్టారు. పక్కన రొయ్యల చెరువులు, మోటార్ల చప్పుడు, దోమలు. వాకీటాకీలో స్టేషన్ మాస్టర్ని అడిగితే "కంట్రోల్ ఏం చెప్పలేదండీ, రెడీగా ఉండండి" అన్నారు. కంట్రోల్ అంటే ఏ బండి ఎప్పుడు కదలాలో తేల్చే ఆఫీసు. రెడీగా ఉన్నాం. నారాయణాద్రి పోయింది. ఇక మనదే అనుకుని తెరిచిన టిఫిన్ డబ్బా మూశాను. చార్మినార్ పోయింది. మళ్ళీ తెరిచాను, మళ్ళీ ఏదో హారన్ వినబడి మూశాను. పద్మావతి కూడా పోయింది. దిగి నాలుగడుగులు వేద్దామంటే ఈలోపు సిగ్నల్ ఇస్తే? కళ్ళు కాసేపు తిప్పుకుందామంటే ఈలోపు ఇస్తే? మూడు గంటల పది నిమిషాలు అలాగే, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు, స్టార్టర్, అంటే బయల్దేరమని చెప్పే సిగ్నల్, వంక చూస్తూ. చివరికి అసిస్టెంట్ "సార్, ఇచ్చాడు" అంటే నాకు కాసేపు అర్థం కాలేదు, ఎరుపు చూసీ చూసీ కళ్ళు అదే రంగు దగ్గర ఆగిపోయాయి. పెరుగన్నం డబ్బాలోనే పులిసిపోయింది. అప్పుడు, ఆ బుర్రతో, మేము మళ్ళీ బండి నడపడం మొదలుపెట్టాం.

ఇంకో రాత్రి, ఇంకో స్టేషన్. ఆ స్టేషన్ మాస్టర్ ఎవరో పుణ్యాత్ముడు, లోపలికి రాగానే చెప్పాడు, "మీ మీద నాలుగు బళ్ళున్నాయండీ, రెండున్నర దాకా కదలరు, భోజనం చేసేయండి." అంటే మమ్మల్ని దాటి పోవాల్సిన బళ్ళు నాలుగున్నాయని. అంతే. మేము ప్రశాంతంగా తిన్నాం. కుర్రాడు ఇంజన్లో ఉంటే నేను టార్చి వేసుకుని రేకు పొడవునా నడిచొచ్చాను, నేనొచ్చాక వాడు వెళ్ళి పంపు దగ్గర తల తడుపుకుని వచ్చాడు. రెండు ముప్పావుకి సిగ్నల్ వచ్చింది, పదిహేను నిమిషాల తేడా, ఎవరికి కావాలి? అక్కడి నుంచి గూడూరు దాకా నాకు ప్రతి స్టేషనూ గుర్తుంది.

రెండు రాత్రులూ ఆగిన టైము దాదాపు ఒకటే. తేడా అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ప్లాట్‌ఫాం మీద కూర్చున్న ప్రయాణికుడు ఫోన్లో ఏ బండి ఎక్కడుందో, ఎంత లేటో చూసుకుంటున్నాడు. ఇంజన్లో ఉన్న మాకే ఆ సంగతి తెలియదు. కంట్రోలర్ల కష్టం నాకు తెలియంది కాదు, ఒక్కో మనిషి ఎన్ని బళ్ళు చూసుకోవాలో, మాటిమాటికీ ప్లాన్ ఎలా మారిపోతుందో నేనూ కళ్ళారా చూశాను. నిమిషాలతో సహా చెప్పమనడం లేదు. "మీ మీద మూడు బళ్ళు" అని చెప్పినా చాలు, "గంట దాకా లేదు" అన్నా చాలు, మారితే మళ్ళీ చెప్పండి, ఏమీ అనుకోం. దీనికి కొత్త యంత్రం కొనక్కర్లేదు, టెండర్ పిలవక్కర్లేదు. లూప్‌లోకి తీసుకున్న ప్రతి గూడ్స్‌కీ ఆగే టైము అంచనా చెప్పాలని ఒక సర్క్యులర్ వేస్తే సరిపోతుంది. మూడో లైన్ పడుతోంది, కొన్ని చోట్ల నడుస్తోంది కూడా, అంతా పూర్తయితే ఇలా ఆగిపోవడాలు తగ్గుతాయంటున్నారు, సంతోషం, అప్పటిదాకా సంగతి కదా నేను అడిగేది.

ఇంకో అడుగు ముందుకేస్తే, కొన్ని దేశాల్లో విమానం పైలట్లు రూలు ప్రకారమే, ఒకరు మెలకువగా ఉండగా ఇంకొకరు సీట్లోనే కాసేపు కునుకు తీస్తారు. రెండు గంటలు కదలమని ముందే తెలిసిన గూడ్స్‌లో ఇద్దరిలో ఒకరు పావుగంట కళ్ళు మూసుకుంటే అది నేరం ఎందుకు కావాలి? ఈ మాట మీద మా వాళ్ళలోనే కొందరు నన్ను తిడతారని తెలుసు. తిట్టనివ్వండి, ఆలోచించి తిడితే చాలు. ఇప్పుడు క్యాబుల్లో మమ్మల్ని చూడటానికి కెమెరాలు కూడా పెడుతున్నారు. పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. ఆ కెమెరా అటు వైపున్న వాళ్ళు ఎప్పుడైనా "ఇంకో గంట" అని ఇటు ఒక మాట చెప్తే బాగుంటుంది.

ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు మాకు కంప్యూటర్ మీద ఆప్టిట్యూడ్ టెస్ట్ పెడతారు. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, చూపు ఎంత చురుగ్గా ఉందో అన్నీ చూస్తారు, అందులో ఫెయిలైనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ టెస్ట్ కాసేపట్లో అయిపోతుంది, కాసేపు ఎవడైనా ఏకాగ్రతగా ఉంటాడు.

పేరు వెయ్యకండి, మా సర్వీసు రూల్స్ సంగతి మీకు తెలిసిందే. వేస్తే మా బావమరిది మాత్రం చదివేటట్టు వెయ్యండి, వాడు మీ పేపరే తెప్పిస్తాడు. ఒరేయ్, ఏదో ఒక రాత్రి పన్నెండింటికి కుర్చీ వేసుకుని మీ వీధి దీపం ఎదురుగా కూర్చో. అది రంగు మారుతుంది. ఎప్పుడో చెప్పను. మారిన క్షణం నువ్వు చూడాలి.

ఇట్లు,
ఒక గూడ్స్ లోకో పైలట్,
విజయవాడ