స్ప్లిట్ పెయిర్ ఉన్న కేబుల్‌కి ‘పాస్’ చూపించిన మీ టెస్టర్‌పై ఫిర్యాదు

కస్టమర్ గ్రీవెన్స్ అధికారి గారికి,

విషయం: నెట్‌వర్క్, టెలిఫోన్, కోయాక్సియల్ (టీవీ, సీసీటీవీలకి వాడే) కేబుళ్లు మూడింటికీ పనికొస్తుందని మీ వెబ్‌సైట్‌లో అమ్మిన త్రీ-ఇన్-వన్ టెస్టర్‌కి తప్పుడు వివరాలు ఇవ్వడం, డబ్బు వాపసు, ప్రకటన సవరణ కోరుతూ.

అయ్యా,

నేను తిరుపతిలో లాడ్జీలు, చిన్న ఆఫీసులు, అపార్ట్‌మెంట్లలో నెట్‌వర్క్, ఇంటర్‌కమ్, టీవీ కేబుల్ వైరింగ్ చేస్తాను. నాది కంపెనీ కాదు. నా చేతి పనే నా జీవనాధారం. ఈ టెస్టర్‌ని నేరుగా మీ వెబ్‌సైట్‌లోనే కొన్నాను. బిల్లు కాపీ, బాక్సు ఫొటోలు, మీ వాళ్లతో జరిగిన చాట్ స్క్రీన్‌షాట్లు, ఒక వీడియో ఈ లేఖకు జతచేశాను.

బాక్సు మీదా వెబ్‌సైట్‌లోనూ మీరు రాసినవి ఇవి: క్యాట్ 5ఈ, క్యాట్ 6, క్యాట్ 6ఏ (నెట్‌వర్క్ కేబుల్ రకాలు) టెస్టింగ్, ఓపెన్ (తెగిన తీగ), షార్ట్ (ఒకదానికొకటి తగిలిన తీగలు), క్రాస్ (తారుమారైన తీగలు), స్ప్లిట్ పెయిర్ (ఒకే సిగ్నల్ మోసే రెండు తీగలు ఒకే మెలికలో కాకుండా వేరువేరు జతల్లో ఉండటం) గుర్తింపు, టెలిఫోన్ లైన్ టెస్ట్, కోయాక్స్ టెస్ట్. అయినా కొనే ముందు చాట్‌లో ప్రత్యేకంగా అడిగాను, స్ప్లిట్ పెయిర్‌ని నిజంగా పట్టుకుంటుందా అని. ‘అన్ని ఫాల్టులూ చూపిస్తుంది సర్, ఎనిమిది లైట్లూ వరసగా వెలిగితే కేబుల్ క్యాట్ 6కి పాస్ అయినట్టే’ అని మీ ప్రతినిధి జవాబు రాశారు. ఆ జవాబు నమ్మి కొన్నాను. లైట్లు మాత్రమే వెలిగే మామూలు టెస్టర్ నా దగ్గర ఎప్పటినుంచో ఉంది. అలాంటిదే ఇంకోటి కావాలంటే మా ఊళ్లో షాపులో ఇందులో నాలుగో వంతు ధరకి దొరుకుతుంది. స్ప్లిట్ పెయిర్‌ని పట్టుకుంటుందన్న ఒక్క మాట కోసమే మీకు అంత ఎక్కువ ఇచ్చాను.

తర్వాత జరిగింది చెబుతాను. ఒక లాడ్జిలో పాత వైరింగ్‌ని సరిచూసి, గదుల కారిడార్లలో కొత్త వైఫై యాక్సెస్ పాయింట్లు పెట్టే పని ఒప్పుకున్నాను. కేబుళ్లు బిల్డింగ్ కట్టినప్పుడే గోడల్లో కన్సీల్డ్ పైపుల్లో వేసినవి, రెండు కొసలా నేరుగా ఆర్‌జే45 (నెట్‌వర్క్ ప్లగ్గు) క్రింప్ చేసినవి, అంటే నొక్కి బిగించినవి. బ్రహ్మోత్సవాలకి జనం రాకముందే పని అయిపోవాలని ఓనరు గారు గట్టిగా చెప్పారు. మీ టెస్టర్‌తో ప్రతి కేబులూ చూశాను. అన్నిటికీ ఒకటి నుంచి ఎనిమిది దాకా పచ్చ లైట్లు వరసగా వెలిగాయి. అది చూసి ‘కేబుళ్లు టెస్ట్ అయ్యాయి, బాగున్నాయి’ అని ఓనరు గారికి కాగితం మీద రాసిచ్చాను.

యాక్సెస్ పాయింట్లు పెట్టాక రెండో అంతస్తులో తేడా కనబడింది. నెట్‌వర్క్ స్విచ్చు, యాక్సెస్ పాయింటు రెండూ గిగాబిట్‌వే అయినా లింకు 1000 ఎంబీపీఎస్ వేగం దగ్గర నిలబడటం లేదు. కాసేపటికి 100కి పడిపోవడం, కొన్నిచోట్ల పూర్తిగా తెగి మళ్లీ రావడం. స్విచ్చు పోర్టులు మార్చాను, ప్యాచ్ కార్డులు మార్చాను, యాక్సెస్ పాయింట్లు అటువి ఇటు పెట్టి చూశాను. కేబుళ్లకి మీ టెస్టర్ ‘పాస్’ అంది కాబట్టి కేబుల్ని అనుమానించాల్సిన కారణమే లేకపోయింది. ఓనరు గారికి మాత్రం కనబడింది నా సంతకం ఉన్న కాగితం. చివరి వాయిదా డబ్బు ఆపేశారు. ఆయన వైపు నుంచి చూస్తే అది న్యాయమే.

ఆఖరికి తోటి టెక్నీషియన్ ఒకరు ఒక పని కోసం అద్దెకు తెచ్చుకున్న సర్టిఫికేషన్ మీటర్ (కేబుల్ ప్రమాణానికి సరిపోతుందో లేదో కొలిచి చెప్పేది) ఒక పూట ఇచ్చి సాయం చేశారు. మొదటి కేబుల్‌కే ఫెయిల్ వచ్చింది. 3-6 జత, 4-5 జత రెండూ స్ప్లిట్ అని బొమ్మ వేసి మరీ చూపించింది. ప్లగ్గు కోసి చూస్తే సంగతి అర్థమైంది. పాత పనివాళ్లు రంగుల్ని జతల వరసలోనే పెట్టుకుపోయారు: ఆరెంజ్ తెలుపు, ఆరెంజ్, ఆకుపచ్చ తెలుపు, ఆకుపచ్చ, నీలం తెలుపు, నీలం, బ్రౌన్ తెలుపు, బ్రౌన్. రెండో కొసలోనూ అదే వరస. కాబట్టి ఇటు ఒకటో పిన్ను అటు ఒకటో పిన్నుకే, ఇటు ఎనిమిది అటు ఎనిమిదికే చేరుతుంది. లైట్లు వరసగా వెలగక ఏం చేస్తాయి?

ఇక్కడే మీ సాంకేతిక విభాగం వాళ్లు ఈ లేఖ చదవాలని కోరుకుంటున్నాను. టీఐఏ 568బీ అనే వైరింగ్ ప్రమాణం ప్రకారం 1-2 ఒక జత, 3-6 ఒక జత, 4-5 ఒక జత, 7-8 ఒక జత. ఒకే సిగ్నల్‌ని మోసే రెండు తీగలూ ఒకదానితో ఒకటి మెలికపడి ఉంటేనే, పక్క జత నుంచి వచ్చే గోల రెండింటి మీదా సమానంగా పడి అవతలి కొసన రద్దవుతుంది. క్యాట్ కేబుల్ పనిచేసే తీరంతా ఆ మెలికలోనే ఉంది. ఈ లాడ్జిలో మూడో పిన్నులో ఆకుపచ్చ తెలుపు, ఆరో పిన్నులో నీలం ఉన్నాయి. ఆ రెండూ వేరువేరు మెలికల్లో తిరిగే తీగలు. నాలుగు, ఐదు పిన్నులదీ అదే పరిస్థితి. అప్పుడు ఒక జతలోని సిగ్నల్ ఇంకో జతలోకి కారిపోతుంది. నెక్స్ట్ అని మనం కొలిచే క్రాస్‌టాక్ అదే. 100 ఎంబీపీఎస్‌కి 1-2, 3-6 జతలు చాలు కాబట్టి దగ్గరి దూరాల్లో ఎలాగో నెట్టుకొస్తుంది. గిగాబిట్‌కి నాలుగు జతలూ ఒకేసారి రెండు దిక్కులా పనిచేయాలి, అక్కడ చేతులెత్తేస్తుంది.

మీ టెస్టర్ ఒక్కో తీగలోకి వంతులవారీగా డీసీ పంపి రిమోట్‌లో లైటు వెలిగిస్తుంది, అంతే. ఏ తీగ ఏ తీగతో మెలికపడి ఉందో డీసీకి తెలిసే దారి లేదు. స్ప్లిట్ పెయిర్ పట్టాలంటే జతలోకి మారే సిగ్నల్ పంపి, పక్క జతలోకి ఎంత కారుతుందో చూడాలి. లేదంటే జత కెపాసిటెన్స్‌నో ఇంపీడెన్స్‌నో కొలవాలి. మీ పరికరంలో అలాంటి కొలత ఉంటే ఈ లాడ్జి కేబుళ్లు మొదటి నిమిషంలోనే దొరికిపోయేవి. అనుమానం లేకుండా ఉండాలని కొత్త క్యాట్ 6 కేబుల్ ముక్క ఒకటి తీసుకుని, కావాలనే పైన చెప్పిన రంగుల వరసలో క్రింప్ చేసి, మీ టెస్టర్‌కి పెట్టి వీడియో తీశాను. ‘పాస్’ అంది. ఆ వీడియోనే జతచేశాను. మీ దగ్గర ఉన్న ఏ పీసుతోనైనా ఇదే పరీక్ష చేసి చూసుకోవచ్చు, పది నిమిషాల పని.

టెలిఫోన్ భాగం సంగతి మరీ బాధాకరం. లాడ్జి నడుస్తూ ఉంటుంది, ఇంటర్‌కమ్ ఆపేసి పని చేయడానికి కుదరదు. బాక్సు మీద ‘టెలిఫోన్ లైన్ టెస్ట్’ అని ఉంది కాబట్టి గదిలోని సాకెట్‌కి ఆర్‌జే11 ఫోన్ ప్లగ్గు పెట్టి చూస్తుండగా రిసెప్షన్ నుంచి ఆ గదికి ఫోన్ వచ్చింది. అంతటితో టెస్టర్‌లోని ఫోన్ పోర్టు పోయింది. ల్యాండ్‌లైన్ జతలో ఫోను పెట్టేసి ఉన్నప్పుడు సుమారు 48 వోల్టుల డీసీ ఉంటుంది, బెల్లు మోగేటప్పుడు 70 నుంచి 90 వోల్టుల దాకా ఏసీ వస్తుంది. ఇంటర్‌కమ్‌లో డీసీ కొంత తక్కువున్నా బెల్లు వోల్టేజీ తప్పదు. ఫోన్ లైన్ టెస్టర్ అని చెప్పుకునే పరికరం ఆ వోల్టేజీని తట్టుకోవాలి, లేదా లైన్‌లో కరెంటు ఉందని ముందే హెచ్చరించాలి. మీ కస్టమర్ కేర్ మాత్రం ‘లైవ్ లైన్ మీద వాడకూడదు సర్’ అన్నారు. ఆ ముక్క మాన్యువల్‌లో ఎక్కడా లేదు. ఫొటోలు చూడండి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పంపాను. పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే పరికరాలకి కరెంటు పంపే పద్ధతి) గురించి కూడా ఒక్క హెచ్చరిక లేదు. ప్రమాణం ప్రకారం తయారైన పీఓఈ స్విచ్చు అవతల తగిన పరికరం ఉందో లేదో చూసుకునే కరెంటు వదులుతుంది. కానీ కెమెరాలకి చౌకగా వాడే పాసివ్ పీఓఈ ఇంజెక్టర్లు ఏమీ చూసుకోవు. మీ మాన్యువల్ నమ్మి వాటి లైన్‌కి టెస్టర్ పెట్టిన వాళ్ల గతి ఏమిటి?

కోయాక్స్ గురించి క్లుప్తంగా చెబుతాను. వెబ్‌సైట్ ఫొటోలో ఎఫ్ కనెక్టర్ (టీవీ కేబుల్ ప్లగ్గు) అడాప్టర్లు కనబడతాయి, బాక్సులో లేవు. టెస్టర్‌కున్నది బీఎన్‌సీ పోర్టు. సీసీటీవీకి సరిపోతుంది గానీ, టీవీకి వాడే ఆర్‌జీ6 కేబుళ్లకి ఉండేవి ఎఫ్ కనెక్టర్లు. అడాప్టర్లు బయట కొని చూస్తే అది చెప్పేది ఒక్కటే: నడిమి తీగ ఆ కొసకి చేరిందా, పైన అల్లిక చేరిందా. గోడ మధ్యలో ఎవరో కేబుల్ తెగితే రెండు ముక్కల్నీ మెలిపెట్టి టేపు చుట్టి వదిలేశారు. దానికీ ‘పాస్’ వచ్చింది. ఆ గదిలో టీవీ బొమ్మ మాత్రం గడ్డకట్టుకుపోతోంది. 75 ఓమ్‌ల కేబుల్ మధ్యలో అలాంటి అతుకు ఉంటే అధిక ఫ్రీక్వెన్సీ సిగ్నల్ అక్కడ తగిలి వెనక్కి తిరుగుతుంది. డీసీ మాత్రం హాయిగా దాటిపోతుంది.

నేను అడిగేది అసాధ్యమైనది కాదు. తీగ ఒక కొస నుంచి ఇంకో కొసకి చేరిందా అని మాత్రమే చూసే కంటిన్యుటీ టెస్టర్‌ని కంటిన్యుటీ టెస్టర్ అని అమ్మితే అందులో ఏ తప్పూ లేదు, రోజూ పనికొచ్చే వస్తువు అది. మా పనిలో మూడు రకాల టెస్టర్లు ఉంటాయని మీకు నాకన్నా బాగా తెలిసి ఉండాలి. తీగలు సరైన చోటికి చేరాయా అని చూసేది వెరిఫికేషన్ టెస్టర్. ఇందులోనే కొంచెం మంచివి స్ప్లిట్ పెయిర్‌ని పట్టి, టీడీఆర్‌తో, అంటే సిగ్నల్ పంపి అది వెనక్కి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి, కేబుల్ ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో కూడా చెబుతాయి. ఈ కేబుల్ మీద గిగాబిట్ నడుస్తుందా అని చూసేది క్వాలిఫికేషన్ టెస్టర్. ఇక క్యాట్ 6 అని కాగితం ఇవ్వాలంటే సర్టిఫికేషన్ మీటర్ కావాలి. అది క్యాట్ 6ని 250 మెగాహెర్ట్జ్ దాకా, 6ఏని 500 దాకా, నెక్స్ట్, రిటర్న్ లాస్ (వెనక్కి తిరిగే సిగ్నల్), ఇన్‌సర్షన్ లాస్ (దారిలో తగ్గిపోయే సిగ్నల్) అన్నీ కొలిచి టీఐఏ హద్దులతో పోల్చి చెబుతుంది. దాని ధర లక్షల్లో ఉంటుంది కాబట్టి నాలాంటివాళ్లు అవసరానికి అద్దెకు తెచ్చుకుంటారు. మీరు మొదటి రకంలో అన్నిటికన్నా కింది మెట్టు పరికరాన్ని తీసుకుని దాని మీద మూడో రకం మాటలు అచ్చేశారు. ‘క్యాట్ 6ఏ టెస్టింగ్’ అంటే క్యాట్ 6ఏ కేబుల్ ప్లగ్గు ఇందులో దూరుతుందని మాత్రమే మీ ఉద్దేశమైతే, అలాగే రాయండి.

ఈ పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు నన్ను ఏ టెస్టర్ కొనమంటారని అడుగుతుంటారు. మొదటి సంపాదనలోంచి కొనే వస్తువు అది. వాళ్లు ధర చూస్తారు, బాక్సు మీద మాటలు చూస్తారు, ఇంకేం చూడగలరు? పచ్చ లైటు వెలిగితే ధైర్యంగా గోడ మూసేస్తారు, పైన పుట్టీ, రంగు పడిపోతాయి. తర్వాత బయటపడే తప్పుకి మాటపడేది వాళ్లే.

మీకు మొదట రాసినప్పుడు వచ్చిన జవాబు: ‘లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి ప్రొడక్టులో లోపం లేదు, రిటర్న్ గడువు కూడా దాటింది.’ లోపం లైట్లలో ఉందని నేను అనలేదు. మీరు చెప్పిన పని ఆ వస్తువు చేయడం లేదన్నాను. గడువు విషయానికొస్తే, స్ప్లిట్ పెయిర్ ఉన్న కేబుల్ ఎదురయ్యేదాకా ఈ అబద్ధం బయటపడే అవకాశమే లేదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వస్తువు నాణ్యత గురించి కొనేవాళ్లను తప్పుదారి పట్టించే ప్రకటన నేరుగా ఫిర్యాదుకి కారణమవుతుంది. పని కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కారని చెప్పే వీలు కూడా లేదు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొన్న వస్తువుకి ఆ మినహాయింపు వర్తించదని చట్టంలోనే వివరణ ఉంది. నేను ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అయితే ముందు మీతోనే తేల్చుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

టెస్టర్ పూర్తి ధర, నేను విడిగా కొన్న ఎఫ్ అడాప్టర్ల ఖర్చు వాపసు ఇవ్వండి. రెండో అంతస్తు కేబుళ్లకి రెండు కొసలా మళ్లీ క్రింప్ చేయడానికి నాకైన మెటీరియల్ ఖర్చు బిల్లులు జతచేశాను, అవీ చెల్లించండి. ఈ టెస్టర్ స్ప్లిట్ పెయిర్ గుర్తించదని, లైవ్ ఫోన్ లైన్ మీద వాడకూడదని, కోయాక్స్‌లో కంటిన్యుటీ మాత్రమే చూస్తుందని మీ లెటర్‌హెడ్ మీద రాసి పంపండి. లాడ్జి ఓనరు గారికి నేను చూపించాల్సింది అదే. ఆ కాగితం ఉంటే నా ఆగిపోయిన డబ్బు గురించి ఆయనతో మాట్లాడగలను. వెబ్‌సైట్‌లోనూ బాక్సు మీదా ఆ మూడు మాటలు సరిచేసి, ఇప్పటికే కొన్నవాళ్లకి మెసేజ్ ద్వారా తెలియజేయండి. వాళ్ల ఫోన్ నంబర్లు మీ ఆర్డర్ల రికార్డులో ఉన్నాయి. వీటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ చివరిదే.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ ప్రకారం మీ జవాబు కోసం చూస్తాను. టెస్టర్, రిమోట్, మాన్యువల్ బాక్సుతో సహా భద్రంగా ఉన్నాయి. పికప్‌కి మనిషిని పంపితే రసీదు తీసుకుని అప్పగిస్తాను.

ఇట్లు,
కేబుల్ వైరింగ్ టెక్నీషియన్,
తిరుపతి

జతపరచినవి: బిల్లు, బాక్సు, మాన్యువల్ ఫొటోలు, చాట్ స్క్రీన్‌షాట్లు, టెస్ట్ వీడియో, సర్టిఫికేషన్ మీటర్ రిపోర్టు, మెటీరియల్ బిల్లులు.